తిరుగుబాటు పాట, రికార్డు సరుకు - ‘ది క్లాష్’ సంగీతంపై ఒక పరిశీలన

పంక్ రాక్ అనే మాట వినగానే మన సాహిత్య వర్గాల్లో రెండు రకాల స్పందనలు కనిపిస్తాయి. కుళ్ళిపోతున్న పెట్టుబడిదారీ సమాజంలో దారితప్పిన యువకులు పెట్టే కేక తప్ప అందులో ఏమీ లేదనేది ఒకటి. కోపం ఎక్కడ కనిపించినా అది విప్లవమేనని పొంగిపోవడం రెండవది. మొదటిది వినకుండా చెప్పే తీర్పు. రెండవది విన్న తర్వాత కూడా ఆలోచించకుండా ఇచ్చే కితాబు. ఈ రెండూ విమర్శ కావు.

నేనూ చాలాకాలం మొదటి కోవలోనే ఉన్నాను. మీర్‌పేట్‌లో మా ఇంట్లో ఆదివారం పూట కొద్దిమంది సాహిత్య విద్యార్థులు కూర్చుని చదువుకుంటూ ఉంటారు. ఒకసారి వారిలో ఒక యువకుడు తన ఫోనులో లండన్ బృందం ‘ది క్లాష్’ పాట ఒకటి వినిపించి, “సార్, ఇది మన పాటేనా?” అని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే పక్కనున్న అమ్మాయి, “అమ్మింది అంత పెద్ద కంపెనీ కద సార్, మన పాట ఎట్లయితది?” అంది. ఆ రోజు నేను జవాబు చెప్పలేకపోయాను. తర్వాత ఆ బృందం 1977 నుంచి 1985 వరకు విడుదల చేసిన ఆరు ఆల్బములనూ వరుసగా విన్నాను. ఆ అమ్మాయి ప్రశ్నకు జవాబు వెతకడమే ఈ వ్యాసం ఉద్దేశం.

1

ఏ కళారూపమైనా శూన్యంలోంచి పుట్టదు. 1976 నాటి బ్రిటన్‌లో నిరుద్యోగుల సంఖ్య పది లక్షలు దాటింది. ఒకనాడు సగం ప్రపంచాన్ని దోచుకున్న ఆ ప్రభుత్వం అదే ఏడాది అంతర్జాతీయ ద్రవ్యనిధి ముందు 390 కోట్ల డాలర్ల అప్పుకు చేయి చాచింది. నల్లజాతివాళ్ళనూ ఆసియావాళ్ళనూ తరిమెయ్యాలనే నేషనల్ ఫ్రంట్ వీధుల్లో బలపడుతోంది. ఆ ఆగస్టులో లండన్‌లోని నాటింగ్ హిల్ ఉత్సవంలో నల్లజాతి యువకులకూ పోలీసులకూ పెద్ద ఘర్షణ జరిగింది. క్లాష్ సభ్యులు ఆ రోజు అక్కడే ఉన్నారు.

ఆ బృందంలో ప్రధాన గాయకుడు జో స్ట్రమ్మర్. ఆయన అసలు పేరు జాన్ మెల్లర్. బ్రిటిష్ విదేశాంగ శాఖ ఉద్యోగి కొడుకు, అంకారాలో పుట్టాడు, హాస్టల్ బడిలో చదివాడు. గిటారు తీగలను మొరటుగా బాదడమే తనకు తెలిసిన వాద్యమనే అర్థంలో ఆ కొత్త పేరు పెట్టుకున్నాడు. గిటారిస్టు మిక్ జోన్స్ నాయనమ్మ, అమ్మమ్మల తరం పెంపకంలో, మునిసిపల్ బహుళ అంతస్తుల ఇళ్ళలో పెరిగాడు. బేస్ గిటారు వాయించిన పాల్ సైమనన్‌కు బ్రిక్స్‌టన్‌లోని జమైకా వలసజనం సంగీతం చిన్ననాటి నుంచీ తెలుసు. 1977 నుంచి డ్రమ్ములు వాయించినవాడు టాపర్ హెడన్. అంటే ఇది శుద్ధ కార్మికవర్గ బృందమూ కాదు, కేవలం మధ్యతరగతి సరదా కూడా కాదు. రెండూ కలిసిన మిశ్రమం.

పేరు మార్చుకోవడం దగ్గరే మన పాఠకుడికి ఒక జ్ఞాపకం రావాలి. బద్దం భాస్కరరెడ్డి చెరబండరాజు అయ్యాడు. కుంభం యాదవరెడ్డి నిఖిలేశ్వర్ అయ్యాడు. 1965లో దిగంబర కవులు ఆరుగురూ కులాన్నీ ఇంటిపేరునూ విప్పి పారేసి కొత్త పేర్లతో వచ్చారు. హైదరాబాదులో వాళ్ళ మొదటి సంపుటిని ఆవిష్కరించినవాడు నాంపల్లి పాండు అనే రిక్షా కార్మికుడు. మర్యాదస్తుల భాషను పగలగొట్టడం, కవితా సభల పద్ధతిని వెక్కిరించడం, అసహ్యాన్ని దాచుకోకపోవడం ఇవన్నీ పంక్ కంటే పదకొండేళ్ళ ముందే తెలుగులో జరిగాయి. అప్పుడు కూడా మన పెద్దలు దాన్ని అరాచకం అనే ఒక్క మాటతో కొట్టిపారేశారు. కానీ ఆ అరాచకంలోంచే కొందరు 1970 జూలై 4న ఏర్పడిన విప్లవ రచయితల సంఘంలోకి నడిచారు. కోపం దానంతటదే విప్లవం కాదు. అయితే కోపం ఎటు నడుస్తుందో చూడకుండా దాన్ని తోసిపుచ్చే హక్కు విమర్శకుడికి లేదు.

2

క్లాష్ మొదటి ఆల్బము 1977 ఏప్రిల్‌లో వచ్చింది. పద్నాలుగు పాటలు, మొత్తం నిడివి ముప్పై అయిదు నిమిషాలు. మూడు వారాంతాల్లో రికార్డు చేశారు. పేరున్న నిర్మాత ఎవరూ లేరు. కచేరీల్లో తమ మైకులూ స్పీకర్లూ చూసుకునే సహచరుడి చేతికే ఆ పని అప్పగించారు. ఆ రోజుల్లో పెద్ద రాక్ బృందాలు ఒక్క ఆల్బముకే నెలల తరబడి స్టూడియోలో కూర్చునేవి. ఒక్కో పాట పది, ఇరవై నిమిషాలు సాగేది. వాటి పక్కన పెట్టి వింటే ఈ ఆల్బములోని కరుకుదనం చేతకానితనం కాదని తెలుస్తుంది. అది ఒక వైఖరి. వాద్యం మీద పట్టు సాధించాకే మాట్లాడాలనే నియమాన్ని వాళ్ళు తిరస్కరించారు. ఛందస్సు నేర్చుకున్నాకే కవిత్వం రాయాలనే నియమాన్ని మన వచన కవులు తిరస్కరించినట్టే.

‘కెరీర్ ఆపర్చునిటీస్’ అనే పాటకు వస్తువు నిరుద్యోగం. అయితే అందులో ఉద్యోగం దొరకలేదనే ఏడుపు లేదు. దొరికే ఉద్యోగాలు మనిషిని మనిషిగా ఉంచవనే ఆగ్రహం ఉంది. పోలీసు, సైన్యం, గుమాస్తాగిరీ ఒక్కొక్కదాన్నీ పేరు పెట్టి తిరస్కరిస్తుంది. మన నిరుద్యోగ కవిత్వంలో ఎక్కువ భాగం దరఖాస్తు దగ్గరే ఆగిపోతుంది. ఈ పాట దరఖాస్తును దాటి పని స్వభావాన్నే ప్రశ్నిస్తుంది.

నాటింగ్ హిల్ ఘర్షణ చూశాక రాసిన ‘వైట్ రయట్’ దగ్గర రచయితలు నేర్చుకోవలసిన మరో పాఠం ఉంది. నల్లజాతి యువకులు ఎదిరిస్తుంటే తెల్ల యువకులు ఇళ్ళలో ఎందుకు కూర్చున్నారనేది ఆ పాట ప్రశ్న. కానీ ‘తెల్లవాళ్ళ తిరుగుబాటు’ అనే శీర్షికను జాత్యహంకారులు తమకు అనుకూలంగా అర్థం చేసుకునే వీలుంది. అలా అర్థం చేసుకున్నవాళ్ళూ ఉన్నారు. నినాదం ఎంత పొట్టిగా ఉంటే అంత దూరం పోతుంది, నిజమే. కానీ దాన్ని రాసినవాడి ఉద్దేశం అంత దూరం దాని వెంట పోదు.

ఆ లోటును పూరించింది పాట కాదు, ఉద్యమం. 1976లో మొదలైన ‘జాత్యహంకారానికి వ్యతిరేకంగా రాక్’ అనే ఉద్యమం 1978 ఏప్రిల్ 30న లండన్ విక్టోరియా పార్కులో పెద్ద సభ జరిపింది. క్లాష్ అక్కడ పాడింది. 1979 ఏప్రిల్‌లో పంజాబీ వలసజనం ఎక్కువగా ఉండే సౌథాల్‌లో నేషనల్ ఫ్రంట్‌ను ప్రతిఘటించిన ప్రదర్శనలో బ్లెయిర్ పీచ్ అనే ఉపాధ్యాయుడు పోలీసు దెబ్బకు చనిపోయాడు. అక్కడ అరెస్టయినవారి న్యాయసహాయం కోసం ఆ జూలైలో జరిగిన కచేరీల్లో క్లాష్ కూడా పాడింది. ‘వైట్ రయట్’ ఎవరి పక్షమో తేలింది ఈ వేదికల మీదే. పాట అర్థాన్ని దాని చుట్టూ నిలబడిన జనమే స్థిరపరిచారు.

3

ఇప్పుడు ఆ అమ్మాయి అడిగిన ప్రశ్నకు వద్దాం. 1977 జనవరిలో క్లాష్ బృందం లక్ష పౌండ్లకు సి.బి.ఎస్. అనే బహుళజాతి కంపెనీతో ఒప్పందం చేసుకుంది. పంక్ యువకులు కాపీలు తీసి పంచుకునే చిన్న పత్రిక సంపాదకుడొకడు, ఆ సంతకం పడిన రోజే పంక్ చనిపోయిందని ప్రకటించాడు. ఆరోపణలో నిజం లేకపోలేదు. రికార్డు ముద్రించే యంత్రాలు, పంపిణీ చేసే లారీలు, అమ్మే దుకాణాలు అన్నీ పెట్టుబడి చేతిలో ఉన్నాయి. వాటిని కాదంటే పాట నాలుగు వీధులు దాటదు. ఒప్పుకుంటే పాట సరుకవుతుంది. మన రచయితకు కూడా ఇది కొత్త సమస్య కాదు. వాణిజ్య పత్రికల్లో రాయాలా వద్దా అని మనం దశాబ్దాల తరబడి వాదించుకున్నాం.

క్లాష్ ప్రత్యేకత ఈ వైరుధ్యం నుంచి తప్పించుకోవడంలో లేదు, దాన్నే పాటకు వస్తువు చేసుకోవడంలో ఉంది. ఒప్పందం కుదిరిన కొద్ది నెలలకే కంపెనీ బృందాన్ని అడగకుండా ‘రిమోట్ కంట్రోల్’ అనే పాటను విడిగా విడుదల చేసింది. దానికి జవాబుగా అదే ఏడాది సెప్టెంబరులో ‘కంప్లీట్ కంట్రోల్’ వచ్చింది. కళాకారులకు పూర్తి స్వేచ్ఛ ఉందని చెప్పిన కంపెనీ చివరికి పూర్తి అదుపు తనదేనని ఎలా చూపించిందో ఆ పాట చెబుతుంది. ఆ పాటను రికార్డు చేయించినవాడు జమైకా సంగీతంలో దిగ్గజమైన లీ పెర్రీ. దాన్ని ముద్రించి అమ్మి లాభం చేసుకున్నది మాత్రం, అందులో తిట్లు తిన్న ఆ కంపెనీయే!

ఇది విజయమా, పరాజయమా? నా ఉద్దేశంలో రెండూ. తనను తిట్టే పాటను కూడా అమ్ముకోగల శక్తి పెట్టుబడికి ఉందని ఆ రికార్డు రుజువు చేసింది. అయినా శ్రోత చేతిలో ఉన్న సరుకే, తాను ఎలా సరుకయిందో శ్రోతకు చెప్పడం మొదలుపెట్టింది. అది చిన్న విషయం కాదు.

మరుసటి ఏడాది వచ్చిన ‘వైట్ మ్యాన్ ఇన్ హ్యామర్‌స్మిత్ పాలే’ ఇంకా లోతైనది. నల్లజాతివాళ్ళ రెగె సంగీత సభకు ఒక తెల్ల యువకుడు తిరుగుబాటు పాటల కోసం వెళతాడు. అక్కడ దొరికింది మామూలు వినోద ప్రదర్శన. నిరాశ పడతాడు. కానీ వాళ్ళు ఎప్పుడూ తిరుగుబాటే పాడాలని కోరుకోవడానికి తానెవరు? ఈ ప్రశ్న పాట పొడుగునా వెంటాడుతుంది. అక్కడి నుంచి దృష్టి తన తోటి పంక్ బృందాల మీదికి, వాళ్ళ డబ్బు యావ మీదికి, దేశంలో పెరుగుతున్న ఫాసిస్టు ధోరణి మీదికి మళ్ళుతుంది. పల్లెకు వెళ్ళి అక్కడి మనుషుల్లో తాను ముందే ఊహించుకున్న వీరుణ్ణి వెతికే మన పట్నం రచయితకు ఈ పాట అద్దం లాంటిది. ఆత్మవిమర్శను ఇంత తక్కువ వ్యవధిలో, ఉపన్యాసం లేకుండా చెప్పిన రచనలు అరుదు.

4

రికార్డు అనే వస్తువును గురించి నాలుగు మాటలు చెప్పాలి. ఎల్.పి. రికార్డు నిమిషానికి 33⅓ సార్లు తిరుగుతుంది. ఒక్కో వైపు సుమారు ఇరవై నుంచి ఇరవై అయిదు నిమిషాల సంగీతం పడుతుంది. ఆ నిడివే ఆల్బము శిల్పాన్ని నిర్ణయిస్తుంది. ఏ పాటతో మొదలుపెట్టాలి, రికార్డు తిప్పే ముందు ఏది రావాలి అన్నది కవితా సంపుటిలో వరుస కూర్చడం లాంటిదే. ఫోనులో ఒక్కో పాటను విడివిడిగా వినే నేటి శ్రోతకు ఈ నిర్మాణం కనబడదు. అందుకే వరుసగా వినమని విద్యార్థులకు చెబుతున్నాను.

1978లో వచ్చిన రెండవ ఆల్బము ‘గివ్ ఎమ్ ఎనఫ్ రోప్’ శబ్దం నునుపెక్కింది. అమెరికా మార్కెట్టుకు నచ్చాలనే కంపెనీ ఒత్తిడి అందులో వినిపిస్తుంది. 1979 డిసెంబరులో వచ్చిన ‘లండన్ కాలింగ్’తో బృందం పూర్తిగా వికసించింది. పంతొమ్మిది పాటలు, రెండు రికార్డులు. రెగె, జాజ్, పాత రాక్ అండ్ రోల్ అన్నీ కలిశాయి. స్పెయిన్ అంతర్యుద్ధ యోధుల స్మృతి ఒక పాటలో ఉంది. అణు ప్రమాదం, వరద, ఆకలి కలగలిసిన భయం శీర్షిక పాటలో ఉంది. అమెరికాలో త్రీ మైల్ ఐలండ్ అణు ప్రమాదం జరిగింది ఆ ఏడాది మార్చిలోనే. సైమనన్ రాసి పాడిన ‘గన్స్ ఆఫ్ బ్రిక్స్‌టన్’ పోలీసు దౌర్జన్యం ముందు లొంగడమా, ఎదిరించడమా అని అడుగుతుంది. ఆ పాట వచ్చిన పదహారు నెలలకు, 1981 ఏప్రిల్‌లో, బ్రిక్స్‌టన్ నిజంగానే భగ్గుమంది.

కానీ ఈ ఆల్బములో అన్నిటికంటే రాజకీయమైనది దాని ధర అంటాను. రెండు రికార్డుల ఆల్బమును ఒక్కదాని ధరకే, అయిదు పౌండ్లకు అమ్మించారు. ఒక రికార్డుతోపాటు ఉచితంగా ఒక చిన్న రికార్డు ఇవ్వడానికి కంపెనీ ఒప్పుకుంటే, ఆ ‘చిన్న’దాన్ని పూర్తి నిడివి రికార్డుగా పెంచేశారు. 1980 డిసెంబరులో వచ్చిన ‘శాండినిస్టా!’ మరీ ముందుకు పోయింది. మూడు రికార్డులు, ముప్పై ఆరు పాటలు, 144 నిమిషాలు. దీన్నీ ఒక్కదాని ధరకే అమ్మాలంటే కంపెనీ ఒప్పుకోలేదు. చివరికి బ్రిటన్‌లో అమ్ముడయ్యే మొదటి 2,00,000 ప్రతుల మీద రాయల్టీని బృందమే వదులుకుంది. అప్పటికే వాళ్ళు కంపెనీకి అప్పుపడి ఉన్నారు. నిబద్ధత గురించి ముందుమాటలు రాసే మనలో ఎంతమందిమి పుస్తకం ధర గురించి ఇంత పట్టుబట్టాం?

ఆల్బము పేరు 1979లో సొమోజా నియంతృత్వాన్ని కూల్చిన నికరాగ్వా విప్లవకారులది. ‘వాషింగ్టన్ బులెట్స్’లో చిలీ, క్యూబా, నికరాగ్వా వస్తాయి, 1973లో సైనిక నియంతలు చంపిన గాయకుడు విక్టర్ హారా వస్తాడు. అదే పాట అఫ్ఘానిస్తాన్‌లో సోవియట్ సైన్యాన్నీ, టిబెట్‌లో చైనానూ, బ్రిటిష్ కిరాయి సైనికులనూ వదలదు. ఈ విమర్శల్లో కొన్నింటితో మన పాఠకులు విభేదించవచ్చు. కానీ పక్షం వహించినవాడు తన పక్షాన్ని కూడా ప్రశ్నించగలడని ఆ పాట చూపింది. నికరాగ్వా తర్వాతి చరిత్ర ఆ జాగ్రత్త అనవసరం కాదనే చెప్పింది.

ముప్పై ఆరు పాటల్లో బలహీనమైనవి లేవా? చాలానే ఉన్నాయి. ఒక్క రికార్డుకు కుదించి ఉంటే గొప్ప ఆల్బము అయ్యేదనేవాళ్ళున్నారు. నేను ఏకీభవించను. ఆరవ వైపు ‘కెరీర్ ఆపర్చునిటీస్’ మళ్ళీ వస్తుంది, ఈసారి పిల్లల గొంతులతో. 1977లో యువకుడి ఆగ్రహంగా విన్న పాట పసివాళ్ళ నోట వినగానే, రేపు వీళ్ళ బతుకూ ఇంతేనా అనే దిగులుగా మారిపోతుంది. గొంతు మార్చి అర్థం మార్చడం శిల్పం. కుదించి ఉంటే ముందు పోయేది ఇలాంటివే.

5

1982లో వచ్చిన ‘కాంబాట్ రాక్’ బృందానికి అన్నిటికంటే ఎక్కువ డబ్బు తెచ్చింది. అందులోనే ‘స్ట్రెయిట్ టు హెల్’ అనే అద్భుతమైన పాట ఉంది. మూతబడిన ఉక్కు మిల్లుల బ్రిటన్, అమెరికా సైనికులు కని వదిలేసిన వియత్నాం పిల్లలు ఒకే పాటలో పక్కపక్కన నిలబడతారు. శ్రీలంక తమిళ కుటుంబంలో పుట్టిన ఎం.ఐ.ఎ. 2007లో వలసజీవుల మీద చేసిన ‘పేపర్ ప్లేన్స్’కు ఆ పాట వాద్యభాగమే పునాది. మంచి పాట ఇలా కొత్త గొంతు వెతుక్కుంటుంది.

అదే ఆల్బములోని మరో రెండు పాటల గతి వేరు. ‘షుడ్ ఐ స్టే ఆర్ షుడ్ ఐ గో’ 1991లో ఒక జీన్స్ ప్యాంట్ల ప్రకటనలో వినిపించాక బ్రిటన్‌లో మొదటి స్థానానికి చేరింది. బృందం బతికి ఉండగా ఆ స్థానం వాళ్ళ ఏ పాటకూ దక్కలేదు. సంగీత నిషేధాన్ని వెక్కిరించిన ‘రాక్ ది కాస్బా’ను అదే ఏడాది ఇరాక్ మీద యుద్ధంలో అమెరికా సైనిక రేడియో వినిపించింది. సామ్రాజ్యవాద తూటాల మీద పాడిన బృందం పాట బాంబులకు తోడు పోయింది!

అప్పటికి బృందం లేదు. 1982లో హెడన్‌నూ, 1983లో జోన్స్‌నూ తప్పించారు. 1985 నాటి చివరి ఆల్బము వినలేం. 1986కల్లా అంతా ముగిసింది. గొడవలూ, మత్తుమందులూ, మేనేజరూ అని కారణాలు చెబుతారు. అవన్నీ ఉన్నాయి. అసలు కారణం మరొకటని నా అభిప్రాయం. జాత్యహంకార వ్యతిరేక ఉద్యమం సద్దుమణిగాక ఆ పాటను మోసే జనం సంఘటితంగా లేరు. మోసింది మార్కెట్టు. ఎవరు మోస్తే పాట వాళ్ళ దారినే పోతుంది.

6

మన అనుభవంతో పోల్చి చూడాలి. 1972లో ఏర్పడిన జననాట్యమండలి దారి దీనికి తిరగేసి ఉంది. క్లాష్‌కు ముందు రికార్డు, ఆ తర్వాత జనం. జననాట్యమండలికి ముందు జనం, ఎంతో తర్వాత కేసెట్టు. గద్దర్ గొంగడి, గజ్జె, డప్పుతో ఆడిపాడిన పాటకు పల్లె బాణీయే ఆధారం. పాడుతున్నకొద్దీ పాట మారేది. విన్నవాళ్ళు చరణం చేర్చేవారు. రికార్డు అలా మారదు. కాబట్టి మన పాట సరుకు కాలేదని మనం గర్వపడుతూ వచ్చాం.

ఆ గర్వాన్ని ఇప్పుడు కొంత తగ్గించుకోవాలి. మీర్‌పేట్‌కు ఆనుకునే బాలాపూర్. వినాయక నిమజ్జనం నాడు మా వీధుల్లో డి.జె. బాక్సులు మోగుతాయి. ఆ హోరులో ఒకనాడు కూలిరేట్ల కోసం పాడిన బాణీలు పోలిన దరువులే వినబడితే నేను ఉలిక్కిపడ్డాను. గద్దర్ 2023 ఆగస్టులో మరణించాక ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి. ఆయన పేరిట తెలంగాణ ప్రభుత్వం 2025లో సినిమా అవార్డులు ఇచ్చింది. దీన్ని గౌరవమనీ అనవచ్చు, ఇముడ్చుకోవడమనీ అనవచ్చు. బాణీ జనానిదైనంత మాత్రాన, కంపెనీ ముద్ర లేనంత మాత్రాన పాటకు రక్షణ లేదని మాత్రం ఒప్పుకోక తప్పదు. జీన్స్ ప్రకటనకు వాళ్ళు జవాబు చెప్పుకోవలసి వస్తే, డి.జె. బాక్సుకు మనమూ చెప్పుకోవాలి.

అందుచేత ఆ అమ్మాయికి నా జవాబు ఇది. అమ్మా, కంపెనీ అమ్మినందువల్ల అది మన పాట కాకుండా పోదు. కోపంగా ఉన్నందువల్ల మనదీ అయిపోదు. రికార్డు గాడిలో పడి ఉన్న పాట సగమే. విన్నవాళ్ళు దాన్ని ఎక్కడికి తీసుకుపోతారో అది తక్కిన సగం.

జో స్ట్రమ్మర్ 2002 డిసెంబరు 22న చనిపోయాడు. అంతకు అయిదు వారాల ముందు, నవంబరు 15న, లండన్‌లోని ఆక్టన్ టౌన్ హాలులో సమ్మె చేస్తున్న అగ్నిమాపక కార్మికుల కోసం పాడాడు. శ్రోతల్లో ఉన్న మిక్ జోన్స్ గిటారు తీసుకుని వేదిక ఎక్కాడు. దాదాపు ఇరవై ఏళ్ళ తర్వాత ఇద్దరూ కలిసి వాయించారు. పాతికేళ్ళ క్రితం నాటి ఆ పాటలు లక్షల ప్రతులు అమ్ముడై, ప్రకటనల్లో నలిగి, యుద్ధ రేడియోలో మోగి, చివరికి ఒక సమ్మె శిబిరం వారికి పనికొచ్చాయి. అక్కడ అవి సరుకులు కావు. మన పాటలకు కూడా అలాంటి హాలు ఒకటి ఎప్పుడూ సిద్ధంగా ఉండేటట్టు చూడటం, రాసేవాళ్ళ పనిలో భాగమే.